ఎదురాకు

ఆదోని,
జనవరి 28

హరన్నా,

నీ దీపిక రాస్తాండాది. ఈడ అందరూ బాగుండారు. అమ్మ మోకాలి నొప్పి ఎట్లుందో రాయి.

ఫోను చేయొచ్చు గదా అని అమ్మ అన్నదని రాసినావు. నాకంటూ ఫోను లేదు. ఆయనది అడిగి తీసుకుంటే అత్త వచ్చి పక్కన కూర్చుంటాది, నాకు మాట రాదు. నీకా, ఫోనులో ఏమీ వినపడదు. తొమ్మిదో ఏట జ్వరంలో నీ చెవులు పోయినాక, నీకు పలక మీద రాసి చూపించడానికే నేను అక్షరాలు నేర్చుకున్నా. ఏడో తరగతిలో బడి మాన్పించినా చేతిరాత పోలేదు. మనకు జాబులే మేలు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన నాకు కెమెరా కొనిస్తానన్నాడు.

పెళ్ళిలో స్టూడియో మద్దయ్యన్న చేసిన తమాషా గుర్తుందా? నేను తల ఎత్తకుండా కూర్చుంటే, "పాపా, ఇట్లయితే ఆల్బమంతా నీ పాపిటే వస్తాది" అన్నాడు. అందరూ భోజనాల పంక్తిలో ఉన్నప్పుడు కెమెరా నా చేతిలో పెట్టి, నువ్వే మమ్మల్ని చూడు అన్నాడు. కంటికి ఆనించుకున్నా. అంతవరకు మొహమెత్తి చూడలేకపోయిన వాళ్ళందరినీ చూసినా అన్నా. అత్తను, మామను, ఆయనను. వాళ్ళకు నా కన్ను కనపడదు, నాకు వాళ్ళు కనపడతారు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈడికొచ్చినాక ఆయన ఫోను ఛార్జింగులో ఉన్నప్పుడు అప్పుడప్పుడు ఫోటోలు తీస్తాండా. పోయిన వారం నువ్వు నేసిన నా పెళ్ళి చీర నీడన ఆరేసి దాని అంచు తీసినా. ఆయన చూసినాడు. కోప్పడతాడేమో అనుకున్నా. రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసినాడు. చెదిరిపోయింది. ఇంకా దగ్గరికి రాదా అన్నాడు. ఫోనులో రాదన్నా. మరుసటి రోజు అన్నం తింటా, ఏ కెమెరా కావాలో కనుక్కో, కొనిస్తా అన్నాడు. పెళ్ళయి ఐదు నెలలు. నీకేం కావాలని ఆయన అడిగింది ఇదే మొదలు.

మద్దయ్యన్నను అడిగి రాయి. ఏమీ తెలియనిదానికి ఏ కెమెరా అయితే మంచిది?

దీపిక


ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి 5

దీపమ్మా,

నీ జాబు అమ్మకు చదివినా. కెమెరా అనంగానే, మొగుడు కొనిస్తానంటే గాజులడగాల గాని అన్నది. నవ్వుతానే అన్నది లే.

మద్దయ్య కాడికి పోయినా. సగం ఆయన పెదాలు చూసి, సగం ఆయన రాసిచ్చిన కాగితం చూసి నాకు అర్థమైంది రాస్తాండా. అంకెలు చూసి మోసపోవద్దంటాడు. డబ్బా మీద ఇన్ని మెగాపిక్సెళ్ళని పెద్దగా రాసుంటాదంట. అది మన పోగుల లెక్క మాదిరే. అంగుళానికి పోగులెక్కువ పడినంత మాత్రాన చీర మంచిదైతుందా? నూలెట్లాంటిది, నేసిన చెయ్యెట్లాంటిది అని చూడొద్దా? కెమెరా లోపల వెలుగు పడే బిళ్ళ ఒకటుంటాదంట. ఫోనులో అది చిటికెనవేలి గోరంత, మంచి కెమెరాలో తపాలా బిళ్ళంత. అది పెద్దదైతే మసక వెలుతురులో కూడా బొమ్మ నలుసు లేకుండా వస్తాది.

దూరంగా ఉన్నదాన్ని లాక్కొచ్చే లెన్సు కొత్తవాళ్ళకు వద్దంట. ముందుకూ వెనక్కూ జరగని లెన్సు ఒక్కటి చాలు. దగ్గరికి కావాలంటే నీ కాళ్ళతో నువ్వే నడిచి పోవాల, అప్పుడే చూడటం వస్తాది అంటాడు. వెనక తెర మీద చూసి తీసేది గాకుండా, కంటికి ఆనించుకునే కిటికీ ఉన్నది తీసుకోమన్నాడు. మన ఎండకు తెర కనపడదు. కాగితంలో, పుస్తకంలో చూసి కొనొద్దు, అంగడికి పోయి చేతిలో పట్టుకొని చూడమను అన్నాడు. బరువెంత, వేలు మీటకు అందుతుందా లేదా, అదే ముఖ్యమంట.

చివర్లో ఒక మాటడిగినాడు. మీ చెల్లెలు ఏం తీయాలనుకుంటాంది? నిన్నడిగి చెప్తానన్నా. నువ్వే రాయి.

మగ్గం మీద రెండు చింతాకు చీరలుండాయి, కర్నూలు భీమన్న అంగడికి. అమ్మకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. అంచు వెనక గుడ్డపట్టీ కుట్టకుండా అమ్మితే ఏమైతుందని నిన్న అడిగింది. తాత మాట గుర్తు చేసినా. ముందునుంచి చూస్తే చింతాకు అంచు ఎవరికీ అంతు చిక్కదు. వెనకనుంచి చూస్తే ఏ పోగు యాడ మునిగి యాడ తేలిందో తెలిసిపోతాది. పట్టీ విప్పదీస్తే పోగులు కూడా లేచొస్తాయి. అమ్మే చీరకు పట్టీ పడాల్సిందే. పట్టీ లేని చింతాకు చీర ఇంటి ఆడపిల్లకు ఒక్కటే. మన వీధిలో ఇన్ని మగ్గాలు మూలపడినా మనది ఇంకా ఆడుతాందంటే ఆ పట్టీ వల్లనే గదా.

హరి


ఆదోని,
ఫిబ్రవరి 24

అన్నా,

ఏం తీయాలనుందో రెండు దినాలు ఆలోచించినా.

సాయంత్రం పత్తి మార్కెట్టు నుంచి ఆడవాళ్ళు మా వీధిలో తిరిగొస్తారు. తలలో దూది, కనురెప్పల మీద దూది. ఎవరూ దులుపుకోరు, దులిపినా పోదని తెలుసు. వాళ్ళ మొహాలు తీయాల. పక్కింటి శ్రీరక్ష టీచరు తలుపు సగం తెరిచి మాట్లాడతాది, సగం మొహం వెలుతురులో ఉంటాది. అది తీయాల. పప్పు పొంగినప్పుడు మూత తీసే అత్త చెయ్యి. అన్నీ మనుషులే అన్నా. వీటికి మద్దయ్యన్న చెప్పిన జరగని లెన్సు చాలు.

నిన్న ఆయనతో అంగడికి పోయినా. అంగడాయన ప్రతి మాటా ఆయనకే చెప్పినాడు. కెమెరా ఎవరికని ఒక్కసారి కూడా అడగలేదు. మూడు పట్టుకొని చూసినా. ఒకటి బరువుకు మణికట్టు వంగిపోయింది. ఒకటి చిన్నది, ముద్దుగా ఉంది గాని కంటికి ఆనించే కిటికీ లేదు. మూడోది పట్టుకుంటే నా వేలు తనంతట తానే పోయి మీట మీద కూర్చుంది. ఇదే అని ఆయన చొక్కా చివర పట్టి లాగినా. గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన అంగడాయనను అడిగింది ఒక్కటే. గుడ్డ తీస్తే పోగు పోగు విడిగా కనపడాల, దానికే లెన్సు అని. చాలా దగ్గరివి తీసేదొకటి చూపించినాడు. కెమెరా కంటే అదే ప్రియం. నాకు అక్కర్లేదని మెల్లగా చెప్పినా. "నీ కోసమేలే" అన్నాడు. జరగని లెన్సు, ఆ దగ్గరి లెన్సు, రెండూ కొన్నాడు. దారిలో చెరకు రసం తాగించినాడు.

పుట్టింటి పని అంటే విలువ తెలిసిన మనిషి దొరికినాడని అమ్మకు చెప్పు.

దీపిక


ఎమ్మిగనూరు,
మార్చి 8

దీపమ్మా,

నీ జాబు మద్దయ్యకు చూపించినా. మూడో కెమెరా బాగా కుదిరిందన్నాడు. దగ్గరి లెన్సు సంగతి చదివి నవ్వినాడు. మొదట్లోనే అదెందుకు, పూల మీద ఈగల్ని తీస్తాదా మీ చెల్లెలు అని.

వచ్చింది గాబట్టి వాడే పద్ధతి చెప్పినాడు. అంత దగ్గర్లో నువ్వు ఊపిరి తీసినా బొమ్మ చెదురుతుందంట. చేత్తో పట్టుకోవద్దు. చిన్న సంచిలో బియ్యం నింపి, దాని మీద కెమెరా ఆనించి, తాకీ తాకనట్టు నొక్కాల. వెలుతురు పైనుంచి గాదు, పక్కనుంచి పడాల. అప్పుడే పోగు లేచి కనపడతాది. పొద్దున్నే మిద్దె మీదైతే మేలు.

ఆ లెన్సుతో ఏం తీయాలో నేను చెప్తా. నీ పెళ్ళి చీరలో ఒక తప్పు చేసినా. తెలిసే చేసినా. అమ్మకు కూడా చెప్పలేదు. ఇన్నాళ్ళూ నువ్వే కనుక్కుంటావని చూసినా. ముందువైపు జరీ మెరుపులో అది దొరకదు. కొంగు భుజం మీద పడే చోట, చీర తిరగేసి వెనకవైపు వెతుకు.

హరి


ఆదోని,
ఏప్రిల్ 3

దొరికింది అన్నా.

మిద్దె మీద చాప పరిచి, చీర తిరగేసి, నువ్వు చెప్పినట్టే బియ్యం సంచి పెట్టి వెతికినా. ఆకులన్నీ కొంగు దిక్కుకు వాలి ఉండాయి. ఒక్కటి మాత్రం ఎదురు తిరిగింది. పెళ్ళిలో, తర్వాత రెండు పండగల్లో, దాన్ని భుజాన పెట్టుకొని తెలియకుండానే తిరిగినా. అత్త కింద నుంచి రెండుసార్లు పిలిచినా ఆ ఆకు కాడే కూర్చున్నా. ఎదురాకు ఎందుకు వేసినావో నువ్వు రాయకపోయినా తెలిసింది. అత్తింటికి కారెక్కేటప్పుడు నేను వెనక్కి తిరిగి చూస్తానని నీకు ముందే తెలుసు.

పన్నెండు తీస్తే ఒకటి కుదిరింది. మునిగిన పోగు, తేలిన పోగు, వాటి మధ్యలో ఉండే నీడ కూడా వచ్చింది. నేను తీసిన వాటిలో ఇదే మేలు. ఆయనకు చూపించినా. పోగు పోగూ పెద్దది చేసి చూసినాడు. తర్వాత, "బాగా తీసినావు" అన్నాడు. ఆ మాట నాకు ఇంట్లో ఎవరూ ఇంతవరకు అనలేదు, సాంబారుకు కూడా. అట్లనే పక్కపక్కన వరుసగా జేనెడు మేర తీయమన్నాడు. రెండు పొద్దులు కూర్చొని తీసినా. పెద్దది వేయించి మా గదిలో గోడకు పెడతానని కెమెరాలో కార్డు తీసుకొని పోయినాడు.

దానికి ముందే వేయించిన మూడు ఫోటోలు ఈ జాబులో పెట్టినా. పత్తి మార్కెట్టు ఆమె పేరు ఇందు. పేరొక్కటే అడగగలిగినా.

దీపిక


ఎమ్మిగనూరు,
ఏప్రిల్ 21

దీపమ్మా,

మూడు ఫోటోలూ గూట్లో పెట్టినా. ఇందు మొహాన్ని చూసి అమ్మ, ఈమె మన కౌతాళం చిన్నమ్మ మాదిరి ఉండాదే అన్నది. ఆమె కన్ను నీ వైపు లేదు. నువ్వున్నావని ఆమెకు తెలిసి కూడా మరిచిపోయినట్టుంది. ఇది నేర్పితే వచ్చేది గాదని మద్దయ్య రాసిచ్చినాడు. ఆ కాగితం దీంట్లో పెట్టినా, దాచుకో.

ఎదురాకు ఫోటో నాకు పంపొద్దు. పోస్టులో పోయేది గాదు అది. వెనకవైపు గదా. మీ గదిలో పెట్టినా, వచ్చినోళ్ళు చూసే గోడకు వద్దు.

రెండు చీరలూ భీమన్న అంగడికి చేరినాయి. ఇంకో నాలుగు అడిగినాడు.

హరి


ఆదోని,
జులై 10

అన్నా,

మూడు నెలలు జాబు రాయలేదు. కోపం పెట్టుకోవద్దు.

పెద్ద ఫోటో ఇంకా రాలేదు. ఫోటోలు వేసే అంగడిలో పాడుచేసినారంట. కార్డు తిరిగొచ్చింది గాని ఖాళీగా ఉంది. మళ్ళీ తీస్తాలే అంటే, ఇప్పుడేం తొందర అన్నాడు. ఆయన ఎమ్మిగనూరు రోడ్డులో కొత్త షెడ్డు పని మీద తిరుగుతాండాడు. ఎవరితోనో పొత్తంట. ఏం షెడ్డని అడిగినా. దూది పెట్టుకునే షెడ్డన్నాడు. ఈ మధ్య ఇంట్లో నవ్వుతా ఉంటాడు. అత్తకు కొత్త మిక్సీ తెచ్చినాడు.

వానలు పడినాయి. వీధిలో నీళ్ళు నిలిస్తే వాటిలో ఎదురింటి మిద్దె తలకిందులుగా కనపడింది. తీసినా. బాగా రాలేదు. ఈమధ్య ఏదీ బాగా రావడం లేదు.

శ్రావణంలో అమ్మను తీసుకొని ఉరుకుంద పోతావు గదా. ఈరన్నకు నా పేరున కూడా ఒక టెంకాయ కొట్టు.

దీపిక


ఎమ్మిగనూరు,
ఆగస్టు 20

దీపికా,

ఉరుకుంద పోయొచ్చినాము.

నీ పెళ్ళి చీర నీ పెట్టెలోనే ఉందా? ఎవరికైనా కట్టుకోవడానికి ఇచ్చినావా? బావ బట్టల అంగట్లో పెట్టడానికి ఇచ్చినావా? ఒక్క దినమైనా అది ఇల్లు దాటి పోయిందా? చూసి రాయి.

హరి


ఆదోని,
ఆగస్టు 24

అన్నా,

నువ్వు నన్ను దీపికా అని ఎప్పుడూ రాయలేదు.

చీర నా పెట్టెలోనే ఉంది. ఇప్పుడే తీసి చూసినా. తాళంచెవి నా తాళిబొట్టుకే ఉంటాది. ఎవరికీ ఇవ్వలేదు. గడప దాటలేదు. కావాలంటే ఏ దేవుని మీద ఒట్టేయమంటే ఆ దేవుని మీద వేస్తా. ఏమైందో చెప్పకుండా ఇట్లడిగితే నేను ఈడ ఎట్లుండాల?

దీపిక


ఎమ్మిగనూరు,
ఆగస్టు 30

చెప్తా, విను.

ఉరుకుందలో దర్శనం వరుసలో మాకు ముందు నిలబడినామె హాలహర్వి దిక్కునుంచి వచ్చినామె. ఆమె కట్టుకున్నది చింతాకు అంచు. మన చీరే అనుకొని అమ్మ సంబరంగా అంచు పట్టుకొని చూసింది. వెనక పట్టీ లేదు. గుడ్డ మరమగ్గానిది. యాడ కొన్నావమ్మా అంటే, ఆదోనిలో, ఇప్పుడందరూ ఇవే కడుతుండారు అన్నది. ఆమె చెప్పిన ధరకు అమ్మ రోజూ కట్టే చీర కూడా రాదు. గుడి చుట్టు తిరిగేలోగా ఏడు చీరలు లెక్కపెట్టినా. తర్వాత లెక్కపెట్టలేదు.

అంచు మాత్రమే అయితే ఎవడో తెలివైనోడు పట్టీ విప్పి చూసినాడేమో అనుకుందును. కాదు. ఆ చీరల్లో ప్రతి జేనకూ ఒక ఆకు ఎదురు తిరిగి ఉంది. మరమగ్గం జరీకి మెరుపు తక్కువ, ఆకు దాక్కోలేదు. దూరం నుంచే తెలుస్తాంది. ఎదురాకు నేను జన్మలో ఒక్క చీరలో, ఒక్క చోట వేసినా. అది తప్పని తెలియక వాళ్ళు దాన్ని కూడా నేసినారు. ఒక్కటి కాదు, మూరకు రెండు.

భీమన్న నాలుగు చీరలూ వాపసు పంపినాడు. ఇవే చీరలు సంతలో దొరుకుతాంటే మీవెవరు కొంటారు హరీ అని చీటీ పెట్టినాడు. ఆయన తప్పు లేదు.

అమ్మ నీ పేరు ఎత్తడం లేదు. వెతుకు అని రాసింది నేను. ఏ చోట వెతకాలో రాసింది కూడా నేనే. ఆ మాట అమ్మకు చెప్పినా. అయినా ఎత్తడం లేదు.

కార్డు ఖాళీగా వచ్చిందని రాసినావు. దాని గురించి నువ్వేం ఆలోచించినావో నాకు రాయలేదు.

హరి


ఆదోని,
సెప్టెంబరు 9

అన్నా,

ఇకమీదట జాబులు పక్కింటి శ్రీరక్ష టీచరు పేరున రాయి. నీ పోయిన జాబు అత్త చేతిలో పడింది. ఆమెకు చదువు రాదు గాబట్టి సరిపోయింది.

నేను నీకు రాయనిది ఒకటుంది. పెళ్ళయిన నెలకే ఆయన నా చీర అడిగినాడు. తన అంగట్లో నాలుగు దినాలు పెట్టి ఇస్తానని. ఇంటి ఆడపిల్ల చీర గడప దాటదని చెప్పినా. నెల తర్వాత మళ్ళీ అడిగినాడు, మళ్ళీ అదే చెప్పినా. కాదని ఆయనకు నేను చెప్పిన మాట అదొక్కటే. అందుకని నాలో నేను గర్వపడినా కూడా. ఆ తర్వాతే ఫోనులో ఫోటో చూసినాడు, కెమెరా అన్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. కాదు, జులైలో కార్డు ఖాళీగా వచ్చిన రోజు చూసినా. నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

అడిగినా. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు, చీర ముందు పెట్టి అడిగినా. ఆయన దాచలేదు. దాచాల్సిన పనే లేదన్నట్టు చెప్పినాడు. షెడ్డులో దూది లేదు, పన్నెండు మరమగ్గాలుండాయి. ఫోటో చూసి గళ్ళ కాగితం మీద దించినారు, దాన్ని చూసి, ఏ పోగు ఎత్తాలో మగ్గానికి చెప్పే అట్టలకు చిల్లులు కొట్టినారు. మీ అన్నకు అన్నం లేకుండా చేసినావు గదా అంటే, పెరుగు కలుపుకుంటా, "చింతాకు చెట్టుది. మీ అన్న ఇంట్లో పుట్టిందా?" అన్నాడు. నన్ను మోసం చేసినావన్నా. "ఫోటో తీసింది నువ్వు. నేను నీ చీర ముట్టుకున్నానా?" అన్నాడు. నిజమే అన్నా. ముట్టుకోలేదు. ఏ దేవుని మీదైనా ఒట్టేస్తానని నేను నీకు రాసిన మాట కూడా నిజమే. చీర గడప దాటలేదు.

తల దించుకొని చీర మడత పెట్టినా. చేతిలో కెమెరా కూడా లేదు అడ్డం పెట్టుకోవడానికి.

మూడు కెమెరాల్లో నా వేలికి అందింది నేనే ఏరుకున్నా. ఆ సంబరంలో రెండో లెన్సు ఎవరి కంటికో చూడలేదు.

అమ్మకు ఏమీ చెప్పొద్దు. తిట్టమను. తిడితే నా పేరన్నా ఎత్తినట్టైతాది.

దీపిక


ఆదోని,
సెప్టెంబరు 29

అన్నా,

ఇరవై దినాలైంది. రోజూ టీచరు తలుపు కాడికి పోతాండా. ఆమె తల అడ్డంగా ఊపి, లోపలికి రమ్మని కాఫీ ఇస్తాది.

ఆయన మళ్ళీ మంచిగా మాట్లాడుతాండాడు. నిన్న ఒక డబ్బా తెచ్చినాడు. లెన్సు చుట్టూ తగిలించే దీపమంట, ఉంగరం మాదిరి ఉంటాది. లోపలి గదుల్లో, ఎండ రాని చోట కూడా పోగు కనపడతాదంట. దసరాకు పుట్టింటికి పోయి పది దినాలు ఉండి రా అన్నాడు. ఏడాదిగా అడిగితే పంపనివాడు. కెమెరా తీసుకొని పో, ఊరికే పొద్దు పోదు గదా అన్నాడు. తర్వాత, వేరే సంగతి మాట్లాడుతా మాట్లాడుతా, తాత నమూనా గుడ్డలో ఏడు అంచులుండాయని చెప్పినావు గదా, అది మగ్గం గదిలోనే ఉంటాదా అని అడిగినాడు.

ఏడు అంచుల సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఆ చెరకు రసం తాగిన రోజు.

ఉంటాదని చెప్పలేదు. లేదని చెప్పలేదు. ఆయన దగ్గర కూర్చొని దీపం తగిలించి చూపిస్తాంటే, ఎట్లుందో చూద్దామని ఆయన మొహాన్నే తీసినా. దగ్గరి లెన్సుతో, ఆ దీపంతో. కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నవ్వుతాండాడు. ఎంత పెద్దది చేసి చూసినా ఆ మొహంలో నాకేమీ దొరకలేదు.

కెమెరా లేకుండా పోతానంటే పంపడు. పోకపోతే అమ్మను చూడలేను. వస్తాను అన్నా, కెమెరా తీసుకొనే వస్తాను. ఈడ ఉన్నప్పుడు కాదని చెప్పే ధైర్యం నాకు ఒక చీర విషయంలో రెండుసార్లు వచ్చింది. అది మళ్ళీ వస్తాదని నా మీద నాకు నమ్మకం లేదు. తిరిగొచ్చినాక కార్డు అడుగుతాడు. ఇచ్చేస్తానేమో.

అందుకని నువ్వే చేయి. నేను వచ్చే దినం మగ్గం గదికి తాళం వేసి, తాళంచెవి నడుముకు కట్టుకో. నేను అడిగినా ఇవ్వొద్దు. ఏడ్చి అడిగినా ఇవ్వొద్దు.

దీపిక


ఎమ్మిగనూరు,
అక్టోబరు 6

దీపమ్మా,

జాబు రాయనిది కోపంతో కాదు. ఏమని రాయాలో తెలియలేదు.

గదికి తాళం వేయాల్సిన పని లేదు. ఆడ మగ్గం లేదు. పోయిన వారం విప్పదీసి కట్టెలు అటక మీద పెట్టినా. మగ్గం గుంత పూడ్చి అమ్మ మంచం వేసినాము, ఎండ బాగా పడతాది. తాత నమూనా గుడ్డ అమ్మ దిండుకు గలీబుగా కుట్టుకుంది, అంచులన్నీ లోపలికి మడిచి. దాని మీదే పడుకుంటాది. నువ్వొచ్చి కెమెరాతో ఇల్లంతా తిరుగు. తీయడానికి ఏమీ లేదు. మమ్మల్ని తీయొచ్చు. నువ్వు మొదట తీయాలనుకున్నది మనుషుల్నే గదా.

నేను పనికి పోతాండా. యాడికో నీకు బావ చెప్పకముందే నేను చెప్పాల. ఆదోని రోడ్డులో బావ షెడ్డుకే. బావ నాతో మాట్లాడలేదు, మేస్త్రీ రంగన్న మాట్లాడినాడు. మగ్గాల చప్పుడుకు ఆడ ఎవరికీ ఎవరి మాటా వినపడదు. అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. "ఆర్నెల్లకు మేమంతా నీ మాదిరే అవుతాం, నువ్వు ముందే తయారై వచ్చినావు" అని రంగన్న నవ్వినాడు. నేనూ నవ్వినా.

ఎందుకు పోయినానని అమ్మ అడగలేదు. ఇల్లు గడవడానికని అనుకుంది. అదీ ఉంది. కానీ బెడ్‌షీట్లు నేసే చోట కూడా పని దొరికేది.

ఆ షెడ్డులో వాళ్ళకొక తంటా వచ్చింది. కొన్నవాళ్ళు చీరలు వాపసు తెస్తాండారంట, ఆకు ఒకటి తిరగబడింది, నేతలో తప్పు అని. ఎట్లా సరిచేయాలో వాళ్ళకు తెలియలేదు. ఒక్క ఆకు తిప్పితే పక్క పోగులన్నీ తెగుతాండాయి. సరిచేయడం తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే.

మూడు దినాలు పట్టింది. ఆరు అట్టలు తీసేసి, కొత్తవాటికి నా చేత్తో చిల్లులు కొట్టి పెట్టినా. నిన్న సాయంత్రం గుడ్డ చూసినాము. పోగు తెగలేదు. ఆకులన్నీ కొంగు దిక్కుకే వాలినాయి. తాత నేసిన అంచుకు, దీనికి ముందువైపు తేడా లేదు. రంగన్న నా వీపు తట్టినాడు. ఇంక ఆ అంచు వాళ్ళదే. అడిగేవాళ్ళు లేరు, వాపసు తెచ్చేవాళ్ళు లేరు.

అమ్మిపోయిన చీరలు చిరిగిపోయినాక ఎదురాకు ఇంక నీ చీరలో ఒక్కటే ఉంటాది. దసరాకు ఆ చీరే కట్టుకొని రా. దాన్ని మాత్రం ఫోటో తీయొద్దు.

హరి